స్కూలు పంపిన మెడికెయిడ్ సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఒకసారి చెబుతాను, ఎక్కడైనా పొరబడితే సరిచేయండి. మీరు ఫిలడెల్ఫియాకు పడమట ఎక్స్‌టన్ దగ్గర ఉంటున్నారు. బాబుకు ఆరేళ్లు, ఇక్కడే పుట్టాడు, ఆటిజం ఉంది. మీవారి కంపెనీ ఇన్సూరెన్స్ మొదటిది. వైకల్యాన్ని బట్టి ఇచ్చే పీహెచ్-95 కింద వచ్చిన మెడికల్ అసిస్టెన్స్ (మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాకు పెన్సిల్వేనియాలో ఉన్న పేరు), అంటే యాక్సెస్ కార్డు, రెండోది. బాబు ఒకటో తరగతిలో చేరాడు. ఐఈపీలో, అంటే స్కూలు బాబు కోసం రాసిన ప్రత్యేక విద్య ప్రణాళికలో, వారానికి 60 నిమిషాలు స్పీచ్, 30 నిమిషాలు ఆక్యుపేషనల్ థెరపీ రాశారు. బయట క్లినిక్‌లో వారానికి రెండు స్పీచ్ సెషన్లు నడుస్తున్నాయి. ఇప్పుడు స్కూలు నుంచి ఒక కాగితం వచ్చింది: స్కూల్లో చేసే థెరపీకి మెడికెయిడ్‌ను బిల్ చేసుకుంటాం, ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టండి అని. పెడితే క్లినిక్ సెషన్లు తగ్గిస్తారేమో, పెట్టకపోతే స్కూలు థెరపీ ఆపేస్తుందేమో, మీవారి ఇన్సూరెన్స్ మీద భారం పడుతుందేమో అని మీ భయం. వీటికి తోడు, "సర్కారు సొమ్ము ముట్టుకుంటే గ్రీన్ కార్డుకు ముప్పు" అని ఇండియా నుంచి మీ మామగారి మాట.

నేను సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో చదువుకుని వచ్చి 16 ఏళ్లుగా పెన్సిల్వేనియా స్కూళ్లలో స్పీచ్ థెరపిస్టుగా పని చేస్తున్నాను. ఈ బిల్లులకు ఆధారమైన లాగ్ (ప్రతి సెషన్‌లో ఏం జరిగిందో రాసే రికార్డు) రాసేది మాబోటి వాళ్లమే. కాబట్టి ఆ కాగితం మీ చేతిలోంచి వెళ్లాక ఏం జరుగుతుందో దగ్గరుండి చూసిన మాటే చెబుతాను. మీ కేసులో సంతకం పెట్టమనే నా సలహా. అయితే ఈ రోజే కాదు. పెట్టే ముందు రాతలో తీసుకోవాల్సిన జవాబు ఒకటుంది, పెట్టాక అడిగి తెచ్చుకోవాల్సిన కాగితం ఒకటుంది. రెండూ కింద చెబుతాను.

ముందు, సంతకం పెట్టకపోతే ఆపేస్తారా అన్నది. ఆపలేరు. మీ అబ్బాయికి స్కూల్లో స్పీచ్ ఇస్తున్నది మెడికెయిడ్ వల్ల కాదు, ఐడియా అనే చట్టం వల్ల. 1975 నవంబరులో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన చట్టం అది, 1990లో ఇప్పటి పేరు పెట్టారు. వైకల్యం ఉన్న ప్రతి పిల్లవాడికీ తల్లిదండ్రుల మీద ఒక్క డాలరు పడకుండా తగిన చదువు చెప్పాలి, ఆ చదువు అందుకోవడానికి కావలసిన థెరపీలు కూడా అందులో భాగమే అని అది చెబుతుంది. ఐఈపీలో 60 నిమిషాలని రాశారంటే స్కూలు మీకు 60 నిమిషాలు బాకీ. మీకు మెడికెయిడ్ ఉన్నా, లేకపోయినా, ఉండి సంతకం పెట్టకపోయినా ఆ బాకీలో తేడా రాదు. స్కూలు సేవల కోసం మెడికెయిడ్‌లో చేరితీరాలని మిమ్మల్ని బలవంతపెట్టే హక్కు కూడా వాళ్లకు లేదు. ఇవన్నీ ఫెడరల్ నిబంధన 34 సీఎఫ్ఆర్ 300.154లో స్పష్టంగా ఉన్నాయి. ఆ నంబరు రాసిపెట్టుకోండి. మీటింగులో మీరు ఆ నంబరు చెప్పారంటే ఎదుటివాళ్లు మాట్లాడే తీరే మారుతుంది.

మరి స్కూలు ఎందుకు అడుగుతోంది? డబ్బు కోసమే, అందులో దాపరికం ఏమీ లేదు. 1975 చట్టంలో కాంగ్రెస్ ఒక మాట ఇచ్చింది: దేశంలో ఒక్కో విద్యార్థి మీద సగటున పెట్టే ఖర్చులో 40 శాతం దాకా ప్రత్యేక విద్య కోసం కేంద్రం ఇస్తుందని. ఆ మాట ఒక్క ఏడాది కూడా పూర్తిగా చెల్లలేదు. ఇటీవలి సంవత్సరాల్లో కేంద్రం ఇస్తున్నది 15 శాతం కూడా దాటడం లేదు. మిగతాది రాష్ట్రం, ముఖ్యంగా మీరూ మేమూ కట్టే ఇంటి పన్ను భరిస్తున్నాయి. ఆ లోటులో కొంత పూడ్చుకోవడానికి దొరికిన దారి మెడికెయిడ్. 1988 దాకా దీని మీద పెద్ద పేచీ ఉండేది. ఐఈపీలో రాసిన సేవ చదువుకు సంబంధించింది, విద్యాశాఖే భరించుకోవాలి అని మెడికెయిడ్ వాళ్లు చేతులు దులుపుకునేవారు. ఆ ఏడాది మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ బీమా) కోసం చేసిన ఒక పెద్ద చట్టంలో ఒక చిన్న నిబంధన చేర్చారు: సేవ ఐఈపీలో ఉందన్న కారణంతో మెడికెయిడ్ డబ్బు నిరాకరించకూడదు అని. మరుసటి ఏడాది ఆ చట్టంలో చాలా భాగం రద్దయింది, ఈ నిబంధన మాత్రం మిగిలింది. ఇవాళ దేశవ్యాప్తంగా స్కూళ్లకు ఏటా వందల కోట్ల డాలర్లు వస్తున్నది దాని పుణ్యానే. మన రాష్ట్రంలో ఈ ఏర్పాటును స్కూల్ బేస్డ్ యాక్సెస్ ప్రోగ్రామ్ అంటారు. మీ కార్డు పేరూ యాక్సెస్ కావడంతో రెండూ ఒకటే అనుకుని తికమకపడే తల్లులు ప్రతి ఏడాదీ నాకు కనబడతారు. కార్డు మీ బాబు ఇన్సూరెన్స్. ప్రోగ్రామ్ స్కూలు చేసుకునే వసూలు.

ఆ వసూలు అయినా మొత్తం ఖర్చంత రాదు. స్కూలు ముందు తన జేబులోంచి ఖర్చు పెడుతుంది, దానిలో కేంద్రం వాటా తిరిగి వస్తుంది. పెన్సిల్వేనియాకు ఆ వాటా సగానికి కాస్త పైన. అంటే మీ అబ్బాయి స్పీచ్ మీద స్కూలు 100 డాలర్లు పెడితే, లెక్కలన్నీ సరిగ్గా కుదిరితే, యాభై పైచిలుకు వెనక్కి వస్తుంది. అది కూడా మళ్లీ ప్రత్యేక విద్యకే వాడాలి. మా గదిలో ఉన్న మాట్లాడే టాబ్లెట్లలో రెండు, ఒక పార్ట్ టైమ్ సహాయకురాలి జీతం అలా వచ్చినవే. ఆ టాబ్లెట్ వాడే పాపకు మెడికెయిడ్ లేదు. ఒకరి సంతకం ఇంకొకరి బిడ్డకు అక్కరకు వస్తుందని మీకు చెప్పాలనిపించింది.

ఇప్పుడు నా మనసులో బాగా నాటుకుపోయిన సంగతి ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం, వేరే స్కూలు జిల్లాలో, ఒక చిన్నారి ఐఈపీ సమావేశానికి ముందు మేమంతా చిత్తుప్రతి చూసుకుంటున్నాం. నేను పరీక్షించి, వారానికి రెండు అరగంటలు కావాలని రాశాను. బల్లకు అటు కూర్చున్న ఒక అధికారి కాగితం తిరగేసి, "ఈ పిల్లాడికి ఎంఏ ఉందా?" అని అడిగారు. ఎంఏ అంటే మెడికల్ అసిస్టెన్స్. లేదన్నాం. "అయితే ఒక అరగంటతో మొదలుపెట్టి చూద్దాం" అన్నారు. నేను కొత్త ఉద్యోగిని, వీసా మీద ఉన్నాను. ఆ రోజు ఊరుకున్నాను. ఆ బాబు తల్లికి ఆ ప్రశ్న ఆ గదిలో అడిగారన్న సంగతి ఎప్పటికీ తెలియదు. ఆ తర్వాత నేనెప్పుడూ ఊరుకోలేదు.

ఈ వ్యవహారంలో పట్టుకోవలసిన ముడి అదే. బిడ్డకు ఏం కావాలో ముందు తేలాలి, అది ఐఈపీలో రావాలి, ఆ తర్వాతే బిల్లు. బిల్లు చూసి నిమిషాలు రాయడం మొదలైతే అన్యాయం రెండు వైపులా జరుగుతుంది. కార్డు లేని పిల్లలకు కోత పడుతుంది. కార్డు ఉన్న పిల్లలను తరగతిలో పాఠం నడుస్తుంటే లేపి, అక్కర్లేని సెషన్‌కు తీసుకెళ్తారు. అందుకే మీకు నా మొదటి సలహా: ఐఈపీ మీటింగూ ఈ సంతకమూ ఒకే రోజు పెట్టుకోకండి. చాలాచోట్ల మీటింగు చివర్లో, అందరూ వాచీలు చూసుకుంటున్నప్పుడు, కాగితాల దొంతరలో దీన్ని కూడా కలిపి ముందు పెడతారు. చెడు ఉద్దేశంతో కాదు, పని తేలిక కోసం. "ఇది ఇంటికి తీసుకెళ్లి చదివి పంపిస్తాను" అనండి. ఎవరూ కాదనరు. నిమిషాలు తేలి, నోరెప్ మీ చేతికి వచ్చి, దాని మీద మీరు ఒప్పుకున్నాక ఈ కాగితం సంగతి చూడండి. (నోరెప్ అంటే ఏ సేవ మార్చినా స్కూలు ఇవ్వాల్సిన నోటీసు. సేవ తగ్గిస్తూ వస్తే, ఒప్పుకోను అని రాసి, మధ్యవర్తిత్వమో విచారణో కోరుతూ పది రోజుల్లో తిరిగి ఇస్తే, తగవు తేలేదాకా పాత సేవలే నడవాలి.)

క్లినిక్ సంగతి. మీ భయంలో నిజం ఉంది గానీ అది వేరేచోట ఉంది. నిబంధన ప్రకారం, స్కూలు బిల్ చేయడం వల్ల బయట బిడ్డకు రావాల్సింది తగ్గకూడదు, మీ జేబులోంచి కట్టాల్సిన అవసరం రాకూడదు, ప్రీమియం పెరగకూడదు, కవరేజీ పోకూడదు, ఇంటి దగ్గర సేవలిచ్చే వేయివర్ల (మెడికెయిడ్ ప్రత్యేక పథకాల) అర్హతకు ఎసరు రాకూడదు. వీటిలో ఏది జరిగే అవకాశమున్నా స్కూలు ఆ బిల్లు పెట్టనే కూడదు. ఇంతవరకు బాగానే ఉంది. అయితే నా దగ్గర థెరపీ తీసుకున్న ఒక పాప తల్లి సంగతి చెబుతాను. ఆవిడా మన తెలుగావిడే. సంతకం పెట్టిన రెండు నెలలకు ఆవిడకు మెడికెయిడ్ నడిపే హెల్త్ ప్లాన్ నుంచి ఉత్తరం వచ్చింది: పాపకు స్కూల్లో స్పీచ్ అందుతోంది కాబట్టి క్లినిక్‌లో వారానికి రెండు బదులు ఒకటే మంజూరు అని. ఏడుస్తూ నాకు ఫోన్ చేసి, "నా చేత్తో నేనే చేశాను" అన్నారు. మేమిద్దరం కూర్చుని కాగితాలన్నీ తీశాం. చూస్తే, సంతకానికీ దీనికీ సంబంధమే లేదు. క్లినిక్ వాళ్లు మంజూరు కోసం పంపిన ఫైలులో ఐఈపీ ప్రతి ఉంది. ప్లాన్ అడిగింది, వీళ్లు పంపారు. అందులో వారానికి 60 నిమిషాలు అన్న వరుస చూసి కోత వేశారు. ఆవిడ సంతకం పెట్టకపోయినా ఆ ఉత్తరం వచ్చేదే.

అలాంటి ఉత్తరం వస్తే భయపడి స్కూలు సమ్మతి వెనక్కి తీసుకోవడం మందు కాదు, అప్పీలు మందు. 21 ఏళ్లలోపు పిల్లలకు మెడికెయిడ్‌లో ఈపీఎస్‌డీటీ అనే రక్షణ ఉంది. వైద్యపరంగా అవసరమైన చికిత్సను ఇవ్వాల్సిందేనని 1989 నుంచి చట్టంలో గట్టిగా రాసి ఉంది. స్కూల్లో స్పీచ్ లక్ష్యం తరగతిలో నెగ్గుకురావడం: టీచర్ చెప్పింది అందుకోవడం, "ఎక్కడ", "ఎందుకు" అన్న ప్రశ్నలకు జవాబు చెప్పడం, పక్కనున్న పిల్లలతో వంతులు పంచుకోవడం. క్లినిక్‌లో స్పీచ్ లక్ష్యం ఇంట్లో, వీధిలో, డాక్టరు దగ్గర: ఎక్కడ నొప్పి అని చెప్పగలగడం, తినేటప్పుడు నమలడం మింగడం, అమ్మమ్మతో ఫోన్‌లో నాలుగు మాటలు. ఆ పాప కేసులో నేను నా లక్ష్యాలను ఒక పేజీలో రాసి ఇచ్చాను, క్లినిక్ థెరపిస్టు తన లక్ష్యాలు పక్కనే రాశారు, పిల్లల డాక్టరు ఉత్తరం జత చేశారు. గ్రీవెన్స్‌లోనే (ప్లాన్‌కే వేసే అప్పీలులోనే) రెండో సెషన్ తిరిగి వచ్చింది, ఫెయిర్ హియరింగ్ (రాష్ట్రం జరిపే విచారణ) దాకా పోలేదు. మీరూ ఇప్పుడే, ఏ ఉత్తరమూ రాకముందే, క్లినిక్ వాళ్ల లక్ష్యాలు స్కూలు లక్ష్యాలకు నకలుగా లేకుండా చూసుకోండి. రెండు చోట్లా "రెండు పదాల వాక్యాలు" అని ఒకే మాట రాసి ఉంటే కోత వేసేవాళ్ల పని సులువవుతుంది. వస్తే మాత్రం, నోటీసులో ఇచ్చిన గడువు మొదటి రోజే క్యాలెండర్‌లో రాసుకోండి. అప్పీలు తేలేదాకా ఉన్న సేవ నడవాలంటే ఇంకా తొందరగా వేయాల్సి ఉంటుంది, ఆ తేదీ కూడా అదే కాగితంలో ఉంటుంది.

మూడోది మీవారి ఇన్సూరెన్స్. మన వాళ్లలో చాలామంది దీని గురించి అడగనే అడగరు, మీరు అడిగారు, మంచి పని చేశారు. మెడికెయిడ్ ఎప్పుడూ వరుసలో ఆఖరున ఉంటుంది. ఇంకో ఇన్సూరెన్స్ ఉంటే ముందు దాన్ని అడగమంటుంది. మీలాంటి ఇంట్లో, కంపెనీ ఇన్సూరెన్స్ మొదటిది, యాక్సెస్ కార్డు రెండోది అయినప్పుడు, స్కూలు బిల్లు దారి తప్పి మీవారి ప్లాన్‌కు వెళితే ఏమవుతుంది? ఏడాదికి ఇన్ని స్పీచ్ విజిట్లని పరిమితి పెట్టిన ప్లాన్లు చాలా ఉన్నాయి. ఏడాదికి 60 విజిట్లు అనుకుందాం. స్కూల్లో వారానికి రెండు సెషన్ల చొప్పున అవి ఆ లెక్కలో పడితే క్లినిక్‌కు మిగిలేది ఏముంటుంది? అందుకే చట్టం ఇక్కడ గట్టి కట్టె అడ్డం పెట్టింది. మెడికెయిడ్‌కు ఒక్కసారి సమ్మతి ఇస్తే చాలు, ఆ తర్వాత స్కూలు ఏటా ఒక నోటీసు పంపితే సరిపోతుంది (2013లో మార్చిన పద్ధతి ఇది). ప్రైవేటు ఇన్సూరెన్స్‌ను వాడాలంటే మాత్రం వాడాలనుకున్న ప్రతిసారీ విడిగా మీ సమ్మతి కావాలి. కోపే, డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఉన్నా మనం కట్టే వాటాలు) ఏదీ మీ మీద పడకూడదు.

కాబట్టి సంతకానికి ముందు ప్రత్యేక విద్య కార్యాలయానికి ఒక ఈమెయిలు పెట్టండి. ఫోన్ వద్దు, ఈమెయిలే. "మా అబ్బాయికి ప్రైవేటు ఇన్సూరెన్స్ కూడా ఉంది. ఈ సమ్మతి వల్ల దానికి ఏ బిల్లయినా, ఏ రూపంలోనైనా వెళుతుందా? వెళ్లదని రాతలో చెప్పండి. మా ప్రైవేటు ఇన్సూరెన్స్‌ను వాడుకోవడానికి మేము అనుమతి ఇవ్వడం లేదు" అని నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాస్తే చాలు. ఆ జవాబు వచ్చాకే సంతకం. నేను మొదట చెప్పిన "రాతలో తీసుకోవాల్సిన జవాబు" ఇదే. ఒక పక్కమాట: కంపెనీ ఇన్సూరెన్స్‌తో పాటు మెడికల్ అసిస్టెన్స్ ఉన్నవాళ్ల ప్రీమియాన్ని, లాభమనిపిస్తే, రాష్ట్రమే కట్టే హిప్ అనే పథకం పెన్సిల్వేనియాలో ఉంది. మీరు అర్హులవుతారేమో అడిగి చూడండి, మన వాళ్లలో దీన్ని అడిగేవాళ్లు తక్కువ.

గ్రీన్ కార్డు. మామగారి భయం ఊరికే పుట్టింది కాదు, 2019, 2020లలో ఆ వార్తలు మన వాట్సాప్ గ్రూపులన్నిటినీ చుట్టేశాయి. నిదానంగా చూద్దాం. మొదటి సంగతి, ఈ సంతకం మీ బాబును మెడికెయిడ్‌లో చేర్చడం లేదు, వాడు ఇప్పటికే ఉన్నాడు. రెండోది, వాడు అమెరికా పౌరుడు, గ్రీన్ కార్డు దరఖాస్తు మీది. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన పబ్లిక్ ఛార్జ్ నియమం (దరఖాస్తుదారుడు ప్రభుత్వ సాయం మీదే ఆధారపడతాడా అని చూసేది) ప్రకారం, దరఖాస్తుదారుడి ఇంట్లో వేరొకరు తీసుకున్న సాయాన్ని దరఖాస్తుదారుడి ఖాతాలో వేయరు. మెడికెయిడ్‌ను కూడా, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం సంస్థలో ఉండిపోతే తప్ప, లెక్కలోకి తీసుకోరు. మూడోది, అంతకుముందు కొన్నాళ్లు అమలైన కఠిన నియమంలో సైతం 21 ఏళ్లలోపు పిల్లల మెడికెయిడ్‌నూ, ఐడియా చట్టం కింద స్కూల్లో అందే సేవలనూ ప్రత్యేకంగా మినహాయించారు. ఈ నియమాలు ప్రభుత్వం మారినప్పుడల్లా కదులుతుంటాయి కనుక, ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) వేసే రోజున మీ లాయరును ఆనాటి మాట అడగండి. బాబు థెరపీని మాత్రం ఈ భయానికి తాకట్టు పెట్టకండి.

ఇక కాగితంలో ఏముండాలో. మీ బాబు గురించి ఏ వివరాలు బయటికి వెళతాయి, ఎందుకు వెళతాయి, ఎవరికి వెళతాయి, ఈ మూడూ విడివిడిగా రాసి ఉండాలి. మామూలుగా వెళ్లేవి: పేరు, పుట్టినతేదీ, మెడికెయిడ్ నంబరు, సేవ రకం, తేదీ, ఎంతసేపు, రోగనిర్ధారణ కోడ్. ఆటిజానికి ఎఫ్ 84.0 అనే కోడ్ ఉంటుంది, ఒక్కడికే చేసే స్పీచ్‌కు 92507, గ్రూపులో చేస్తే 92508. ఐఈపీ మొత్తం ప్రతి, సైకాలజిస్టు నివేదిక, ఇంటి విషయాలు వెళతాయని రాసి ఉంటే ఎందుకని అడగండి. సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చన్న మాట కూడా ఉండాలి. స్కూలు జిల్లా మారితే పాత సమ్మతి చెల్లదు, కొత్త జిల్లా కొత్తగా అడగాలి. మన వాళ్లు ప్రాజెక్టు మారితే ఊరు మారతారు కాబట్టి ఇది చెబుతున్నాను. రాష్ట్రమే మారితే ఇంకో పెద్ద సంగతి: తల్లిదండ్రుల ఆదాయం చూడకుండా వైకల్యాన్ని బట్టి మెడికల్ అసిస్టెన్స్ ఇచ్చే పీహెచ్-95 పెన్సిల్వేనియాది. అది మీతో రాదు. టెక్సస్‌లో ఇలాంటి వేయివర్ కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న తెలుగు కుటుంబాలు నాకు తెలుసు. డాలస్‌లో ఆఫర్ వచ్చిందని ఒప్పుకునే ముందు ఆ లెక్క కూడా వేసుకోండి. విచిత్రం ఏమిటంటే, పిల్లల హక్కుల్లో పెద్ద గెలుపు ఒకటి ఆ డాలస్ పక్కనే, ఇప్పుడు మన వాళ్లు నిండిపోయిన ఇర్వింగ్‌లో మొదలైంది. వెన్నెముక లోపంతో పుట్టిన ఒక పాపకు పగలు కొన్ని గంటలకోసారి కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) పెట్టాలి. అది వైద్యం, మా పని కాదని ఇర్వింగ్ స్కూలు జిల్లా అంది. పాప స్కూల్లో ఉండాలంటే అది తప్పనిసరి, కాబట్టి స్కూలే చేయాలని 1984లో సుప్రీం కోర్టు తేల్చింది.

మళ్లీ మీ కాగితానికి వస్తే, స్కూలు సమ్మతికి ముందూ ఆ తర్వాత ఏటా ఇచ్చే మెడికెయిడ్ నోటీసును మీకు అర్థమయ్యే భాషలో, అంటే సాధ్యమైనంతవరకు మీ మాతృభాషలో ఇవ్వాలని కూడా నిబంధనలో ఉంది. మీకు ఇంగ్లీషు వచ్చు, సరే. బాబును మధ్యాహ్నం చూసుకునేది మీ అత్తగారైతే, ఐఈపీ మీటింగుకు తెలుగు దుబాసీని అడగండి. తల్లిదండ్రులకు అవసరమైతే స్కూలే పెట్టాలి, మీ మీద ఖర్చు పడదు. సిగ్గుపడాల్సిన పని లేదు. అన్నట్టు, "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే గందరగోళపడతాడు" అని ఎవరైనా చెబితే వినకండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడదు. నాన్నమ్మతో మాట్లాడే భాషను వాడి దగ్గర్నుంచి లాక్కోవద్దు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది, సంతకం పెట్టాక అడిగి తెచ్చుకోవాల్సిన కాగితం. అదే లాగ్.

మెడికెయిడ్‌కు బిల్ వెళ్లాలంటే మేం ప్రతి సెషన్‌కూ లాగ్ రాయాలి. నాది ఎలా ఉంటుందో చూపిస్తాను. "అక్టోబరు 8. మొదలు 10:05, ముగింపు 10:35. ఇద్దరి గ్రూపు. లక్ష్యం 2: 'ఎక్కడ' ప్రశ్నకు రెండు మాటల జవాబు. బొమ్మ లేకుండా 10కి 4, బొమ్మ చూపితే 10కి 7. చివరి ఐదు నిమిషాలు చెవులు మూసుకున్నాడు, పక్క గదిలో కుర్చీలు జరుపుతున్న చప్పుడు." కింద నా సంతకం, తేదీ. పిల్లవాడు రాకపోతే రాలేదని, నేను సెలవైతే సెలవని, అగ్నిమాపక డ్రిల్ వల్ల పోతే డ్రిల్ అని రాస్తాను. ఇంతేకాక ఏ క్షణంలో వస్తుందో తెలియని ఒక ఈమెయిలు వస్తుంది: మంగళవారం 1:17కు మీరేం చేస్తున్నారు, ఎవరితో, ఎందుకు? ఆ ఒక్క నిమిషానికి జవాబు రాయాలి. రాష్ట్రమంతా మాలాంటి వాళ్లు వేలమంది ఇచ్చే అలాంటి జవాబులన్నీ కలిపి, మా పనివేళల్లో ఎంత భాగం థెరపీ, ఎంత భాగం కాగితాలు అని లెక్క తేలుస్తారు, దాన్ని బట్టే స్కూళ్లకు డబ్బు. లాగ్ సరిగా లేకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలి. టెక్సస్‌లో స్కూలు ఆరోగ్య సేవల క్లెయిమ్‌ల మీద ఫెడరల్ ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం చేసిన ఆడిట్ 2017లో వచ్చింది. కోటీ 89 లక్షల డాలర్లు అక్రమంగా తీసుకున్నారని తేల్చింది. 

మాకు ఇది బరువే. రోజూ ముప్పావుగంట నుంచి గంట దీనికే పోతుంది. పిల్లలతో గడపాల్సిన సమయం ఇలా పోతోందని నా తోటివాళ్లు బాధపడతారు, ఆ బాధ నిజమైనదే. అయినా ఈ లాగ్ వల్ల మీకు ఒరిగేది తక్కువ కాదు. ఐఈపీలో నిమిషాలు రాసి ఉంటాయి గానీ, అవి నిజంగా అందాయా అన్నది మీకు ఎవరూ చెప్పరు. థెరపిస్టు మానేస్తే, ఆరు వారాలు ఎవరూ దొరక్కపోతే, బాబు బ్యాగులో ఉత్తరం రాదు. బాబు వచ్చి చెప్పలేడు. అదే కదా వాడి ఇబ్బంది. బిల్ వెళుతున్న చోట మాత్రం ప్రతి సెషన్‌కూ తేదీతో, నిమిషాలతో రాత ఉంటుంది. ఆ రాత మీ బాబు విద్యా రికార్డు, దాన్ని చూసే హక్కు మీకు ఫెర్పా చట్టం ఇస్తుంది. అడిగితే 45 రోజుల్లోపు చూపించాలి.

కాబట్టి ప్రతి మూడు నెలలకూ ఒక చిన్న ఈమెయిలు: "మా అబ్బాయి స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీ సెషన్ లాగ్‌లు పంపండి." వచ్చాక నిమిషాలు కూడండి. వారానికి 60 అంటే, సెలవులు తీసేస్తే, మూడు నెలల్లో సుమారు 12 వారాలు, 720 నిమిషాలు. లాగ్‌లో 540 ఉంటే 180 బాకీ. బాబు సెలవు పెట్టిన రోజులు పక్కన పెట్టి మిగతాది అడగండి. పెన్సిల్వేనియాలో దీన్ని కాంపెన్సేటరీ ఎడ్యుకేషన్ అంటారు, పోయిన గంటలకు బదులు గంటలు. చాలాసార్లు ఒక మర్యాదైన ఈమెయిలుతోనే ఇచ్చేస్తారు, ఎందుకంటే లెక్క వాళ్ల సంతకంతోనే ఉంది. ఇవ్వకపోతే రాష్ట్ర విద్యాశాఖకు ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చు. తగవుల పరిష్కార కార్యాలయం ఓడీఆర్ నడిపే కన్సల్ట్ లైన్‌కు ఫోన్ చేస్తే దారి ఉచితంగా చెబుతారు.

లాగ్ చదువుతున్నప్పుడు ఇంకో కన్ను వేయండి. ఆరోజు బాబుకు జ్వరమొచ్చి ఇంట్లోనే ఉన్నాడని మీకు గుర్తుంది, లాగ్‌లో మాత్రం సెషన్ జరిగినట్టు ఉంది. పొరపాటు కావచ్చు, ముందు థెరపిస్టునే మెల్లగా అడగండి. ఐఈపీలో ఒక్కడికే అని ఉండి లాగ్‌లో వరసగా గ్రూపు అని ఉందా, అది అడగాల్సిందే. పదిహేను రోజుల లాగ్‌లలో ఒకే వాక్యం, ఒకే మార్కులు అచ్చుగుద్దినట్టు ఉంటే, ఎవరో శుక్రవారం సాయంత్రం కూర్చుని ఒకేసారి నింపారని నాకు అర్థమవుతుంది. మీకూ అర్థమవుతుంది. మంచి లాగ్‌లో మార్కులు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, కుర్చీల చప్పుడు కూడా ఉంటుంది.

మీరు చేయాల్సిన వరుస ఇదీ. ఈ వారం ప్రైవేటు ఇన్సూరెన్స్ గురించి ఈమెయిలు. జవాబు వచ్చాక సంతకం, తేదీ వేసి, సంతకం పెట్టిన కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, తర్వాత పంపడం. క్లినిక్ థెరపిస్టుకు ఐఈపీ లక్ష్యాలు చూపించి ఆవిడవి వేరుగా ఉన్నాయో లేదో సరిచూసుకోవడం. డిసెంబరు సెలవులకు ముందు మొదటి లాగ్‌లు అడగడం. అవి చేతికొచ్చాక నిమిషాల లెక్క కుదరకపోతే, తేదీలు, నిమిషాలు మాత్రం రాసి (బాబు పేరు, స్కూలు పేరు వద్దు) నాకు చెప్పండి, మీతో కూర్చుని కూడతాను.